మలెనాడు అడవికి వెళ్తున్నారా? గోమార్ల నుంచి, అవి మోసే వైరస్ నుంచి కాపాడుకోవడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి మనవాళ్ళు మలెనాడు, అంటే కర్ణాటకలోని పడమటి కనుమల దారి పడతారు. జోగ్ జలపాతం, కొడచాద్రి, ఆగుంబె, ఆపైన వక్కతోటల మధ్య రెండు రోజులు హోమ్‌స్టే. వానలు వెనకబట్టి, జలగల బెడద తగ్గి, అడవిలో హాయిగా తిరగగలిగే కాలం అది. చిక్కేమిటంటే అక్కడి గోమార్లకు (పశువులకు, కుక్కలకు పట్టే టిక్స్) కూడా అదే సీజన్. జలగ పట్టిందంటే రక్తం కారుతుంది, కళ్ళకు కనిపిస్తుంది, నలుగురూ గోల చేస్తారు. గోమారి చడీచప్పుడు లేకుండా పట్టుకుని, రోజుల తరబడి రక్తం తాగి, తన దారిన తాను రాలిపోతుంది. చాలామందికి అది కుట్టిన సంగతే తెలియదు.

ఆ గోమార్లలో కొన్ని మోసే వైరస్‌తో వచ్చే జబ్బు క్యాసనూరు అటవీ వ్యాధి, అంటే కేఎఫ్‌డీ. కన్నడంలో మంగన కాయిలె అంటారు, మన పేపర్లలో కోతి జ్వరం అని వస్తుంటుంది. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరసపెట్టి చచ్చిపోయాయి, చుట్టుపక్కల ఊళ్ళ జనం జ్వరాలతో మంచం పట్టారు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చి, ఎల్లో ఫీవర్ మన దేశంలోకి దిగబడిందేమోనని మొదట హడలిపోయారు. తీరా చూస్తే రష్యా అడవుల్లో గోమార్ల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం.

జబ్బు పడ్డవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. 1990 నుంచి మలెనాడు ఊళ్ళలో వేస్తూ వచ్చిన పాత టీకా పని సరిగా చేయడం లేదని తేలి, 2022లో ఆపేశారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్‌ కంపెనీతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కొత్త టీకా మీద పని చేస్తోంది. అది చేతికొచ్చేదాకా జాగ్రత్తే దిక్కు. ఆ జాగ్రత్త కూడా రెండు చోట్లే ఉంది: అడవిలోకి అడుగు పెట్టకముందు, బయటికొచ్చిన రెండు గంటల్లో. కాబట్టి ఈ రెండిటి మీదే ఎక్కువ చెబుతాను.

1. ముందు మీ రిస్క్ ఎంతో తేల్చుకోండి

మలెనాడు మొత్తం ప్రమాదమే అనుకుని ట్రిప్ రద్దు చేసుకోనక్కర్లేదు. శృంగేరిలో దర్శనం చేసుకుని, తుంగ ఒడ్డున చేపలకు మరమరాలు వేసి, సాయంత్రానికి బస్సెక్కేవారికి దీనితో పని లేదు. కొల్లూరు, హొరనాడు, సిగందూరు గుళ్ళకు వెళ్ళొచ్చేవారికీ అంతే. తారు రోడ్డు మీద, గుడి ప్రాంగణంలో, వ్యూ పాయింట్ రెయిలింగ్ దగ్గర గోమార్లు మీ కోసం కాచుకుని కూర్చోవు.

రిస్క్ ఉన్నది అడవి బాటల్లో నడిచేవారికి, తోటల్లో తిరిగేవారికి, ఎండుటాకుల్లో కూర్చునేవారికి, టెంట్ వేసుకునేవారికి. నెలలు చూస్తే, కేసులు నవంబరు, డిసెంబరుల్లో మొదలై, జనవరి నుంచి ఏప్రిల్ వరకు బాగా పెరిగి, వానలు పడగానే తగ్గిపోతాయి. ఇందులో వింతేమీ లేదు. వానాకాలంలో పెద్ద గోమార్లు నేల మీద గుడ్లు పెడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లలు ఎలుకల మీద, చిన్న జంతువుల మీద, పిట్టల మీద బతికి, చలికాలం నాటికి ఎనిమిది కాళ్ళ చిన్న గోమార్లు అవుతాయి. మనుషుల్ని ఎక్కువగా పట్టేది ఈ దశలో ఉన్నవే. నువ్వుగింజ కంటే చిన్నగా ఉంటాయి కాబట్టి వెతికి చూస్తే తప్ప దొరకవు.

చోట్ల విషయానికొస్తే శివమొగ్గ జిల్లాలో సాగర, తీర్థహళ్ళి, హొసనగర, సొరబ, ఉత్తర కన్నడలో సిద్ధాపుర, చిక్కమగళూరులో కొప్ప, శృంగేరి వైపు అడవులు. జోగ్ ఉన్న సాగర తాలూకాలోనే 2019లో అరళగోడు చుట్టుపక్కల ఊళ్ళను ఈ జబ్బు గట్టిగా కుదిపేసింది. 2012 నుంచి బందీపూర్‌లో, నీలగిరుల్లో, కేరళ వయనాడులో, గోవాలోని సత్తరి తాలూకాలో, మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలో కూడా బయటపడింది. అంటే పడమటి కనుమల పొడవునా ఐదు రాష్ట్రాలు. మన నల్లమలకో, పాపికొండలకో వెళ్ళేవారు ఈ జబ్బు పేరు చెప్పుకుని భయపడాల్సిన పని లేదు. అయితే గోమార్లను ఒంటి మీంచి తీసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

హోమ్‌స్టే బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "ఈ వర్ష ఇల్లి మంగ సత్తిదెయా?" ఈ ఏడు ఇక్కడ కోతులు చనిపోయాయా అని. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు వెతకడం కంటే ఈ ప్రశ్న మేలు. నల్లమూతి కొండముచ్చులు, ఎర్రమూతి కోతులు ఈ వైరస్‌తో చచ్చిపోతాయి. చచ్చిన కోతి ఒళ్ళు చల్లబడగానే దాని మీదున్న గోమార్లన్నీ కిందికి దిగి, తర్వాత వచ్చే ప్రాణి కోసం అక్కడే కాచుకుంటాయి. కోతి చచ్చిన చోటే అడవిలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు. మలెనాడువాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు, అడిగితే దాచరు. "అవును, పోయిన వారం అటు పక్క చచ్చింది" అన్నారంటే అటు పక్క నడక మానుకోండి, మిగతా ట్రిప్ మామూలుగా చేసుకోండి.

2. బట్టలు, నూనె, చిన్న సంచి

బట్టలు లేత రంగువి వేసుకోండి. లేత రంగైతే గోమార్లు రావని కాదు, వచ్చినవి మీకు కనిపిస్తాయని. ట్రెక్కింగ్‌కు వచ్చేవారిలో సగం మంది నల్ల ట్రాక్ ప్యాంటులో దిగుతారు. దాని మీద పాకే మిల్లీమీటరు పురుగు ఎవరి కంటికీ ఆనదు. పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మూసిన బూట్లు. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపండి, చొక్కాను ప్యాంటులోకి దోపండి. ఫొటోల్లో కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఉండనివ్వండి. గోమారి ఎగరదు, దూకదు, చెట్టు మీంచి నెత్తిన పడదు. గడ్డి కొస మీదో, ఆకు అంచు మీదో ముందుకాళ్ళు చాపి నిలబడి, మీరు రాసుకుంటూ పోతే పట్టుకుని, అక్కడి నుంచి పైకి పాకుతుంది. సాక్సు దారి మూసేస్తే బట్ట పైనే తిరుగుతుంది, మీ కళ్ళబడుతుంది. జలగల కోసం కొన్న పొడుగు సాక్సులు ఇంట్లో ఉంటే అవి ఇంకా మంచివి, వాటి నేత దట్టంగా ఉంటుంది.

ఇక పూసుకునేది. కర్ణాటక ఆరోగ్య శాఖ అడవి పక్క ఊళ్ళలో డెపా అనే నూనె ఉచితంగా పంచుతుంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వారి గ్వాలియర్ ల్యాబ్‌లో తయారైన రిపెల్లెంట్, అంటే పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు అది. అక్కడికి వెళ్ళాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, హోమ్‌స్టే వాళ్ళ దగ్గరో అడిగి చూడండి. కానీ దాన్నే నమ్ముకుని బయల్దేరొద్దు, ఊరివాళ్ళకే ఒక్కోసారి చాలదు. బయల్దేరే ముందే 20 నుంచి 30 శాతం డీట్ (DEET) అనే రిపెల్లెంట్ ఉన్న స్ప్రే గానీ క్రీమ్ గానీ కొనుక్కోండి. దోమల క్రీమ్ అని రాసి ఉన్నదల్లా ఇందుకు పనికిరాదు, వెనక లేబుల్ మీద ఏముందో, ఎంత శాతం ఉందో చూడండి. వేపనూనె, నిమ్మగడ్డి నూనె వాసన బాగుంటాయి, అడవిలో వాటి మీద నేనైతే ఆధారపడను.

పూసే పద్ధతి: సన్‌స్క్రీన్ వాడేవారు ముందు అది రాసి, ఆరాక దాని మీద రిపెల్లెంట్. చీలమండలు, సాక్సుల పైభాగం, ప్యాంటు అంచులు, నడుము పట్టీ దగ్గర, మణికట్టు, మెడ. కళ్ళకు, నోటికి, తెగిన చోటికి తగలనివ్వొద్దు. చిన్నపిల్లలకైతే మీ చేతిలో వేసుకుని వాళ్ళకు రాయండి, వాళ్ళ అరచేతులకు మాత్రం వద్దు. వాళ్ళు ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలల్లోపు పసిబిడ్డకు డీట్ అసలు వాడకూడదు. ఆ మాటకొస్తే అంత పసిబిడ్డను అడవి బాటలోకి తీసుకెళ్ళడం ఎందుకు?

పెర్మెత్రిన్ అనే మందు దొరికితే బట్టలకు, బూట్లకు ముందు రోజే కొట్టి ఆరబెట్టండి. గోమారి దాని మీద పాకితే చస్తుంది. అది బట్టలకే, చర్మానికి కాదు. ఇంట్లో పిల్లి ఉంటే బట్టలు పూర్తిగా ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, తడి పెర్మెత్రిన్ పిల్లులకు విషం.

చిన్న సంచిలో ఇవి పెట్టుకోండి: సన్న మొన ఉన్న పట్టకారు (కనుబొమలు దిద్దుకునే వెడల్పు మొనది కాదు), ఒక సెల్లో టేపు, తెల్లటి టవలు, స్పిరిట్ దూది, రెండు జిప్ కవర్లు, ఒక పెన్ను.

3. అడవిలో ఉన్నప్పుడు

బాట మధ్యలో నడవండి. పశువులు నడిచే అడ్డదారులు పట్టొద్దు. అడవిలో మేసే ఆవులు, గేదెలు గోమార్లకు కడుపునిండా తిండి పెడతాయి. వాటి వల్లే గోమార్లు అంతగా పెరుగుతాయి, వాటి ఒంటి మీదే ఇళ్ళ దాకా వస్తాయి.

కూర్చోవాల్సి వస్తే బండ మీద, ఎండ పడే చోట కూర్చోండి. పడిపోయిన మానులు, ఎండుటాకులు, పొదల నీడ వద్దు. ఎండుటాకుల్లో వెల్లకిలా పడుకుని, గుప్పెళ్ళతో ఆకులు పైకి ఎగరేస్తూ రీలు తీసుకునే సరదా ఒకటి ఉంది. డిసెంబరు నుంచి మే దాకా మలెనాడులో ఆ సరదా వద్దు. అక్కడి రైతులు అడవిలో రాలిన ఆకులు ఊడ్చి తెచ్చి, పశువుల కొట్టంలో పరచడానికి, వక్కతోటలో వేయడానికి ఇంటి పక్కనే పోగులు పెడతారు. ఆ పోగుల మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. అడవి మొహం చూడని ముసలివాళ్ళకు కూడా ఈ జ్వరం వచ్చేది ఇలాంటి దారుల్లోనే.

టెంట్ వేసే ముందు, భోజనానికి చాప పరిచే ముందు ఒక పరీక్ష చేయండి. తెల్లటి టవలును రెండు మూలలు పట్టుకుని, ఆ గడ్డి మీద, ఆకుల మీద మెల్లగా ఒక పది అడుగులు ఈడ్చండి. తిరగేసి వెలుతురులో చూడండి. గోధుమరంగు చుక్కలు కనిపించి, అందులో ఏదైనా కదిలితే ఆ చోటు మీది కాదు. అడవిలో గోమార్లను లెక్కపెట్టే ఆరోగ్య శాఖ సిబ్బంది చేసేదీ ఇదే, వాళ్ళు ఫ్లానెల్ గుడ్డ వాడతారు. టవలుకు అంటుకున్నవాటిని చేత్తో దులపొద్దు, సెల్లో టేపుతో అద్ది తీసి, టేపు మడిచేయండి. ప్యాంటు మీద ఒకేసారి పదులకొద్దీ చిన్నవి పాకుతుంటే కూడా టేపే మంచి సాధనం. గంటకోసారి ఆగి ఒకరి ప్యాంటు ఒకరు చూసుకోండి, రెండు నిమిషాల పని.

చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, ఫొటో కోసం కూడా వద్దు. ఉన్నచోటి నుంచే ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకుని, వచ్చిన దారినే వెనక్కి మళ్ళి, ఫారెస్ట్ గార్డుకో, హోమ్‌స్టే వాళ్ళకో, ఊరి ఆశా కార్యకర్తకో చెప్పండి. వాళ్ళు వచ్చి చుట్టూ మందు చల్లుతారు, కోతి నుంచి శాంపిల్ తీస్తారు. ఇంకో మాట, కోతి జ్వరం అన్నారని కోతుల్ని తిట్టుకోకండి, రాళ్ళు వేయకండి. కోతి నుంచి మనిషికి నేరుగా ఈ జబ్బు రాదు, అది కూడా మనలాగే గోమారి కుట్టి జబ్బు పడ్డదే.

4. బయటికొచ్చిన రెండు గంటల్లో

అలిసిపోయి రాగానే మంచం మీద వాలిపోవాలనిపిస్తుంది. అదే కూడదు. బూట్లు గది బయటే విప్పండి. నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, బట్టలు అక్కడే విప్పి, పెద్ద ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా కట్టండి. ఆ తర్వాత సబ్బు పెట్టి ఒళ్ళు రుద్దుకుంటూ స్నానం. ఇంకా పట్టుకోకుండా పాకుతున్నవి నీళ్ళతో పోతాయి. పట్టుకున్నవి పోవు, అందుకే వెతకాలి.

గోమారి దిగిన చోటే కుట్టదు. చర్మం పల్చగా, వెచ్చగా, చెమటగా ఉండే చోటు వెతుక్కుంటూ గంటల తరబడి పాకుతుంది. చూడాల్సిన చోట్లు: చెవుల వెనక, చెవి మడతల్లో, జుట్టు మొదళ్ళలో, మెడ వెనక, చంకల్లో, రొమ్ముల కింద, బొడ్డులో, నడుము పట్టీ ఒరుసుకునే చోట, గజ్జల్లో, మోకాళ్ళ వెనక, కాలివేళ్ళ మధ్య. కళ్ళతో ఒకసారి, వేళ్ళతో ఒకసారి. చేతికి కొత్తగా గరుకు తగిలితే ఆగి చూడండి. నిన్నటిదాకా లేని పుట్టుమచ్చ కనిపించిందంటే ఫోన్ టార్చి వేసి దగ్గరగా చూడండి, మచ్చకు కాళ్ళుండవు.

వీపు, తల మీకు మీరు చూసుకోలేరు. భార్యాభర్తలైతే ఇబ్బంది లేదు. స్నేహితులతో వెళ్తే సిగ్గుపడకుండా వీపు, మెడ చూపించుకోండి. ఒంటరిగా వెళ్తే ఫోన్ కెమెరాతో వీపు వీడియో తీసుకుని పెద్దది చేసి చూడండి. ఆడపిల్లలకు జడ విప్పి పేలదువ్వెనతో తెల్లటి గుడ్డ మీదికి దువ్వండి.

బట్టల సంగతి: చల్లటి నీళ్ళలో, మామూలు సైకిల్‌లో ఉతికితే గోమార్లు చావవు, మునిగి తేలి బయటికొస్తాయి. వేడినీళ్ళ సైకిల్ పెట్టండి, 60 డిగ్రీలైతే మంచిది. డ్రయ్యర్ ఉన్నవారు ఉతకకముందే, పొడి బట్టల్ని ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే చాలు, వాటిని చంపేది తేమ లేని వేడి. రెండూ లేకపోతే బకెట్లో బాగా మరిగిన నీళ్ళు పోసి నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయండి. బ్యాగు జిప్పులు, పట్టీల అడుగు కూడా చూసి, ఒక పగలంతా ఎండలో పెట్టండి. మంచం మీద పడేయకండి.

5. ఒంటికి పట్టిన గోమారిని తీయడం

మన దగ్గర చిన్నప్పటి నుంచీ చూసిన పద్ధతులు చాలా ఉన్నాయి: కిరసనాయిలు చుక్క, బీడీ నిప్పు, సున్నం, ఉప్పు. కొత్తగా నెయిల్ పాలిష్, వాజ్‌లిన్ చేరాయి. ఏదీ వద్దు. వీటన్నిటి ఉద్దేశం ఒకటే, గోమారి ఉక్కిరిబిక్కిరై దానంతటది వదిలేయాలని. అది వదిలేదాకా మీరు కాచుక్కూర్చోవాలి, ఆలోగా అది లాలాజలం, కడుపులోది మీ ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. వైరస్ ఉండేది సరిగ్గా అందులోనే. వీలైనంత తొందరగా, నలపకుండా, తీసి అవతల పడేయడమే పద్ధతి.

వెలుతురులో కూర్చోండి. చర్మాన్ని ఎడమచేత్తో కాస్త బిగువుగా పట్టండి. పట్టకారు మొనతో గోమారిని దాని పొట్ట దగ్గర కాదు, నోరు చర్మంలోకి దిగిన చోట, చర్మానికి ఆనుకుని పట్టుకోండి. ఇప్పుడు నిట్టనిలువుగా, నిదానంగా, ఒకే బలంతో పైకి లాగండి. చర్మం చిన్న గుడారంలా పైకి లేస్తుంది, అక్కడే ఆగి పట్టు సడలించకుండా ఉండండి, కొన్ని క్షణాలకు అది వదిలేస్తుంది. మెలితిప్పొద్దు, గుంజొద్దు. నోటి ముక్క విరిగి లోపలే ఉండిపోతే, సులువుగా వస్తే తీయండి, లేదంటే వదిలేయండి, చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. సూదితో కెలికి పుండు చేసుకోవద్దు.

పట్టకారు లేకపోతే వేళ్ళ మీద ప్లాస్టిక్ కవరో, టిష్యూనో వేసుకుని తీయండి. ఒట్టి గోళ్ళతో పట్టుకోవడం, తీశాక రెండు గోళ్ళ మధ్య టప్‌మని నలపడం మనకు అలవాటు. ఆ అలవాటు ఇక్కడ ప్రమాదం. నలిగిన గోమారి లోపలిదంతా మీ వేళ్ళకు అంటుకుంటుంది, గోటి పక్కన చిన్న చీలిక ఉన్నా చాలు.

తీసిన తర్వాత ఆ చోటును, చేతుల్ని సబ్బుతో కడిగి స్పిరిట్ అద్దండి. గోమారిని సెల్లో టేపు మధ్య అతికించి, జిప్ కవర్లో వేసి, పైన తేదీ, చోటు పేరు రాయండి. అవసరం పడితే డాక్టరుకు చూపించవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒక మాట చెబుతుంటారు, 24 గంటల్లోపు తీసేస్తే భయం లేదని. ఆ లెక్క లైమ్ జబ్బుకు సంబంధించినది. లైమ్ తెచ్చేది బ్యాక్టీరియా, అది గోమారి కడుపులోంచి కదిలి రావడానికి టైమ్ పడుతుంది. వైరస్‌లకు ఆ లెక్క పనికిరాదు. అమెరికాలోనే ఉన్న పొవాసన్ అనే వైరస్ పావుగంటలో కూడా ఒంట్లోకి ఎక్కగలదు. కాబట్టి రాత్రి పది గంటలకు గోమారి కనిపిస్తే పొద్దున్నే చూద్దాంలే అనుకోకండి.

6. ఆ తర్వాత రెండు వారాలు

ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి: అడవికి వెళ్ళిన తేదీలు, చోటు, గోమారి తీసిన తేదీ. గోమారి దొరకకపోయినా తేదీలు రాయండి, ఎందుకంటే అసలు కుట్టిన సంగతి తెలియనివారే ఎక్కువ. కుట్టినవాటిలో అత్యధికం ఏ వైరస్ లేనివే కాబట్టి కుట్టిందని టెన్షన్ పడి ఆస్పత్రికి పరిగెత్తొద్దు. జ్వరం లేనప్పుడు పరీక్షలు చేయించినా తేలేదేమీ ఉండదు.

కేఎఫ్‌డీ అయితే మామూలుగా మూడు నుంచి ఎనిమిది రోజుల్లో బయటపడుతుంది. వచ్చే తీరే వేరు: ఉన్నట్టుండి చలితో హై ఫీవర్, నుదురు పగిలిపోయేంత తలనొప్పి, మెడ, నడుము, పిక్కల్లో తట్టుకోలేని నొప్పులు, కళ్ళెర్రబడటం, వాంతులు, విరేచనాలు. కొందరికి ముక్కు నుంచో, చిగుళ్ళ నుంచో రక్తం. రక్త పరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి.

ఇది చదువుతుంటే మీకేం గుర్తొచ్చింది? డెంగీ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాక్టరుకూ అదే గుర్తొస్తుంది. వారి తప్పేం లేదు, రోజుకు అలాంటి కేసులెన్నో చూస్తారు. అందుకే ఆస్పత్రిలో మీరు చెప్పే మొదటి వాక్యం ఇలా ఉండాలి: "డాక్టరు గారూ, వారం క్రితం శివమొగ్గ జిల్లాలో అడవిలో నడిచాం, అక్కడ గోమార్లతో వచ్చే క్యాసనూరు జబ్బు ఉంది, దానికీ చూస్తారా?" వాళ్ళు అడిగేదాకా ఆగకండి, ఎవరూ అడగరు. ఓపీ చీటీ మీద కూడా రాయించండి. మొదటి రోజుల్లో ఆర్‌టీ-పీసీఆర్‌లో, తర్వాత ఐజీఎం ఎలైజాలో తెలుస్తుంది. ఈ పరీక్ష ప్రతి వీధి ల్యాబ్‌లో ఉండదు. డాక్టరు జిల్లా వైద్యాధికారుల ద్వారా పుణెలోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థకు (ఎన్‌ఐవీకి) శాంపిల్ పంపించగలరు. శివమొగ్గ దగ్గరే ఉండగా జ్వరం వస్తే ఇంకా నయం, అక్కడ ఇందుకోసమే ల్యాబ్ ఉంది, డాక్టర్లకు అనుభవమూ ఉంది.

జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, డాక్టరు చెప్పిన మోతాదులో. ఒళ్ళు నొప్పులని బ్రూఫెన్, ఆస్పిరిన్, మెడికల్ షాపువాడు ఇచ్చే నొప్పి ఇంజెక్షన్ వద్దు, రక్తం కారే గుణాన్ని అవి పెంచుతాయి. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే వైరస్‌కు యాంటీబయాటిక్ ఎందుకని వాదించకండి. ఇలాంటి జ్వరమే తెచ్చే స్క్రబ్ టైఫస్ మన జిల్లాల్లోనూ ఉంది, చిగ్గర్లనే అతి చిన్న మైట్ పురుగుల వల్ల వస్తుంది, ఆ మందుకు చక్కగా లొంగుతుంది. రిపోర్టులు వచ్చేలోగా దాన్ని కాచుకోవడం తెలివైన పనే. నీళ్ళు ఎక్కించడం, రక్తస్రావం చూసుకోవడం, బీపీ పడిపోకుండా కాపాడటం, కేఎఫ్‌డీకి వైద్యమంటే ఇదే. తొందరగా చేరినవాళ్ళు ఎక్కువగా బయటపడతారు. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోదు, ఇంట్లో పక్కన కూర్చుని చూసుకునేవారు భయపడనక్కర్లేదు.

జ్వరం తగ్గింది, అన్నం తింటున్నారు, ఆఫీసుకు కూడా వెళ్ళారు. కథ అక్కడితో అయిపోయిందనుకోకండి. నూటికి పది నుంచి ఇరవై మందిలో మూడో వారంలో మళ్ళీ జ్వరం వస్తుంది. ఈసారి నరాల మీదికి: భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, చేతులు వణకడం, చూపు మసకబారడం, మాటల్లో తికమక. వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాస్పత్రికి. పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి.

పశువులు, కుక్కలు ఉన్నవారికి, జర్మనీలో ఉన్నవారికి

పాడి ఉన్నవారు గోమార్లను చేత్తో పీకి గోళ్ళతో నలిపే పని మానేయండి. గ్లవుజులు వేసుకుని పీకి, సబ్బునీళ్ళో కిరసనాయిలో పోసిన డబ్బాలో వేయండి. గోమార్లు మోసే మరో వైరస్ క్రిమియన్-కాంగో జ్వరం. మన దేశంలో మొదటిసారి 2011 జనవరిలో గుజరాత్‌లో, అహ్మదాబాద్ జిల్లాలో తేలింది. ఇది క్యాసనూరు లాంటిది కాదు, రోగి రక్తం నుంచి, పశువు రక్తం నుంచి కూడా అంటుకుంటుంది. అప్పుడు ఆ రోగిని చూసిన డాక్టరు, నర్సు ఇద్దరూ చనిపోయారు. చనిపోయేవారు నూటికి పది నుంచి నలభై దాకా ఉంటారు. గుజరాత్, రాజస్థాన్ వైపు నుంచి పశువుల్ని కొనేవారు, కోసేవారు చేతులకు గ్లవుజులు లేకుండా రక్తం ముట్టుకోకండి.

ట్రిప్‌కు కుక్కను తీసుకెళ్తే వెళ్ళే ముందే పశువైద్యుడి దగ్గర గోమార్ల మందు వేయించండి. తిరిగొచ్చాక దాని చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వెతికాకే కారెక్కించండి.

జర్మనీకి చదువుకో, ఉద్యోగానికో వెళ్ళినవారు బవేరియాలో గానీ బాడెన్-వుర్టెంబెర్గ్‌లో గానీ ఉంటే, అక్కడ గోమార్లతో వచ్చే మెదడువాపుకు టీకా ఉంది. జర్మన్లు ఎఫ్‌ఎస్‌ఎంఈ అంటారు. మూడు డోసులు, మొదటి రెండూ చలికాలంలోనే వేయించుకుంటే గోమార్లు బయటికొచ్చే వసంతానికి కాపుదల సిద్ధంగా ఉంటుంది. రిస్క్ ప్రాంతాల్లో ఉండేవారికి ఆ టీకా ఖర్చు అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్సే భరిస్తుంది, ఇంటి దగ్గరి డాక్టరును అడిగితే చాలు. టీకా వేయించుకున్నా పొలం దగ్గర అమ్మే పచ్చిపాలు కాచకుండా తాగొద్దు, ఆ వైరస్ మేకపాలలో, గొర్రెపాలలో, ఆవుపాలలో కూడా రాగలదు.